దారానికి బదులు అవ్వ నీడ

తెల్లారి ఆరింటికల్లా చూలైలోని ఆ సందులో మూడు పనులు మొదలవుతాయి. నీళ్ల లారీ కోసం బిందెలు వరసలోకి వస్తాయి. కోదండరాం తన తాళ్ల కొట్టు షట్టరెత్తి, గుమ్మానికి వేలాడే పురికొస చుట్టలకు సాంబ్రాణి పొగ పట్టిస్తాడు. ఆయన తల్లి అలివేలవ్వ కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, ఎవరింటికో నిలబడ్డానికి పోతుంది.

అవును, నిలబడ్డానికే. అవ్వ నీడ అందరి నీడలాంటిది కాదు. ఎండ ఏ వైపు నుంచి కొట్టినా అది అవ్వ ముఖం చూసే దిక్కుకే పడుతుంది. వేలెడు వెడల్పు, లాగి కట్టిన దారంలాగా. మధ్యలో మెట్టొచ్చినా మోరీ వచ్చినా వంగదు. పదహారేళ్ల కోడలుగా ఆమె ఆ సందులో అడుగుపెట్టిన రోజే మామగారు నేలవైపు చూసి, "సరే, గోడకు పనికొస్తుంది" అన్నాడంట. అంతే, ఇంకెవరూ ఆ సంగతి మాట్లాడింది లేదు. అరవై రెండేళ్లుగా గోడ కట్టే మేస్త్రీలూ, పందిరి గుంజలు పాతేవాళ్లూ, "అవ్వా, ఒక్క నిమిషం వచ్చి నిలబడు" అంటూ వస్తూనే ఉన్నారు. ఆ ఒక్క నిమిషం మిట్టమధ్యాహ్నం దాకా సాగుతుంది. చూలైలో ఏ గోడైనా తిన్నగా ఉందంటే, దాని వెనక అవ్వ మాడిన నడినెత్తి ఉందని అర్థం.

ఆ శుక్రవారం మాత్రం సందులో నాలుగో పని మొదలైంది. అవ్వ మనవరాలు రంజిత తన కారు కిందికి దూరింది.

రంజితకు ఇరవయ్యేడేళ్లు. మూడేళ్లుగా సొంత కారు బాడుగకు తోలుతోంది. కాలు నిలవని పిల్ల. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే మడమ ఆడుతుంది. మూడు నెలలుగా ఆ కారుకూ నిలకడ లేదు. స్టీరింగు వదిలితే చాలు, ఎడమకు లాగి పేవ్‌మెంటు ఎక్కబోతుంది. మూడు షాపుల్లో చక్రాల వంకర చూసే కంప్యూటర్ మెషీన్ మీద పెట్టించింది. మూడు చోట్లా అన్ని గడులూ పచ్చగా ఉన్న కాగితం చేతిలో పెట్టారు. మూడోవాడు నవ్వుతూ, "బండి కరెక్టా ఉంది మేడం. మీ చెయ్యే లెఫ్టుకు పోతోంది" అన్నాడు.

"అట్లయితే నా చేతిని మెషీన్ మీద పెట్టి దానికీ ఒక పచ్చ కాగితం ఇయ్యన్నా" అంది రంజిత. షాపులో అందరూ నవ్వారు. బండి మాత్రం ఎడమకే లాగింది.

ఈరోజు మధ్యాహ్నం మూడింటికి రాయపురంలో టెస్టు. కాన్పయిన తల్లులనూ పసిగుడ్లనూ ఇళ్లకు చేర్చడానికి ఒక ప్రసవాల ఆసుపత్రి ఆడ డ్రైవర్లను తీసుకుంటోంది. పరీక్ష ఒక్కటే. సముద్రం పక్క రోడ్డు మీద నలభై స్పీడులో పోతూ, ఒక దీపస్తంభం దగ్గర చేతులు వదలాలి. నాలుగో స్తంభం దాకా బండి తెల్లగీతను తాకకూడదు. తాకకుంటే రెండేళ్ల డ్యూటీ. తాకితే ఏమవుతుందో కోదండరాం ముందురోజే అన్నం ముందు కూర్చుని చెప్పేశాడు. బండి కాగితాలు ఆయన పేరు మీదే ఉన్నాయి.

"ఈ తూరి కూడా కాలేదనుకో, బండి దామోదరం మామకు ఇచ్చేస్తా. సోమవారం నుంచి కొట్లో కూర్చో."

కూర్చో అన్న ఆ మాటే రంజితకు రాత్రంతా ముల్లులా గుచ్చుకుంది. షాపులవాళ్లను నమ్మింది చాలు, ఇక ఈ పని నేనే చేస్తా అనుకుంది.

ఫోనులో నాలుగైదు వీడియోలు చూసి పద్ధతి పట్టుకుంది. చెప్పుకోవడానికి పెద్ద విద్యేం కాదు. స్టీరింగును తిన్నగా పెట్టి కదలకుండా సీటుకు కట్టేయాలి. ముందు చక్రాల కింద రెండేసి టైల్స్ పరిచి, వాటి మధ్య గుప్పెడు ముగ్గుపిండి చల్లాలి, చక్రం సులువుగా జరిగేట్టు. కారుకు రెండు పక్కలా, స్టూలు నుంచి స్టూలుకు, చక్రం నడిమి ఎత్తున దారం లాగి కట్టాలి. దారం నుంచి చక్రం ముందు అంచుకెంత, వెనక అంచుకెంత అని కొలవాలి. రెండూ ఒకటైతే చక్రం తిన్నగా ఉన్నట్టు. తేడా ఉంటే వంకర.

దారం నాయన కొట్టులోదే. మేలిరకం జనపనార పురికొస. కోదండరాం చేతులు చాచి బారలు కొలిచి, తానే తెచ్చి ఇచ్చాడు. కూతురు ఓడాలని ఉన్నా, దారం మాత్రం ఓడకూడదు ఆయనకు.

మొదటిసారి కొలిస్తే నూట పన్నెండు మిల్లీమీటర్లు. మళ్లీ కొలిస్తే నూట పదిహేను. మూడోసారి నూట పది. ఎనిమిదైంది. తొమ్మిదైంది. సముద్రం గాలి తగిలితే పురికొస చెమ్మ పీల్చి బిగుసుకుంటుంది, ఎండ తగిలితే కుంగుతుంది. కొలిచిన ప్రతిసారీ కొత్త లెక్క. రంజిత స్కేలు విసిరికొట్టింది, మళ్లీ తనే వెతికి తెచ్చుకుంది.

"నాయనా, దారం కుంగుతా ఉండాది."

"మన దారం కుంగదు. నీ స్కేలు చూసుకో."

"రాయపురంలో వలలకు కట్టే నైలాన్ దొరుకుతుంది. పోయి తెచ్చుకుంటా."

ఆ మాట వేరే ఏ ఇంట్లోనైనా మామూలు మాటే. ఆ ఇంట్లో కాదు. నైలాన్ వచ్చి సగం బేరం ఎత్తుకుపోయినప్పటి నుంచీ కోదండరాం దాన్ని గుమ్మంలోకి రానివ్వలేదు.

"నైలాన్ ఈ గుమ్మం లోపలికొస్తే నేను బయటికి పోతా."

"పో నాయనా. ఈ ఇంట్లో ఒకరన్నా కదిలినట్టుంటుంది!"

రంజిత చెప్పులేసుకుంది. అంతవరకూ అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతూ అన్నీ వింటున్న అవ్వ తట్ట పక్కన పెట్టింది.

"ఏందిమే, ఇంట్లో నన్ను పెట్టుకొని దారానికి ఊరెంబడి పోతావా?"

రంజిత ఆగిపోయింది. ఆ మాట వస్తుందనే పొద్దున్నుంచీ అవ్వ వైపు చూడలేదు. తనకు ఎనిమిదేళ్లప్పుడు ఒక కల్యాణమండపం గోడ కోసం మే నెల ఎండలో నిలబడి అవ్వ కళ్లు తిరిగి పడిపోయింది. నీళ్లు తాగించి మళ్లీ నిలబెట్టారు. అవ్వను నిలబడమని నేను మాత్రం ఎన్నడూ అడగనని ఆరోజే ఒట్టు పెట్టుకుంది రంజిత.

"వద్దవ్వా. నిన్ను ఎండలో నిలబెట్టి, ఆ బండిని నేనేం సుఖంగా తోలతా?"

"ఊరికే ఏం కాదులే. నాకూ ఒకటి కావాల."

"ఏంది?"

"సముద్రం ఈడికి ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు ఉంటుంది."

"అరవై రెండేండ్లు! నిలబడు, నిలబడు అన్నోళ్లేగానీ, బండెక్కి కూర్చో పోదాం అన్నోడు ఒక్కడు లేడు. మూడింటికి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుంటావా?"

"అవ్వా, అది టెస్టు!"

"ఉండనీ. నేనేమన్నా స్టీరింగు అడిగినానా?"

అప్పుడే, అవ్వను అరవంలో పాటీ అని పిలిచే మేస్త్రీ ఆరోగ్యసామి సందు మలుపు తిరిగి వచ్చాడు. "పాటీ, కాంపౌండు గోడ ఒకటుంది, ఒక్క నిమిషం వచ్చి..."

"ఈరోజు నాకు పనుందిరా" అంది అవ్వ. ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ఆరోగ్యసామి జేబులోంచి టేపు తీసి కారు పక్కన గొంతుకూర్చున్నాడు.

రంజిత గోనెసంచి తడిపి కారు వెనక సరిగ్గా నడిమధ్యన పరిచింది. అవ్వ దాని మీద నిలబడి ముందుకు చూసింది. నీడ కారు కింది చీకట్లోనూ నల్లగా తెలుస్తూ దూసుకుపోయి, ముందువైపు బయటపడి, సందు చివరి కుళాయి దాకా సాగింది. ఆరోగ్యసామి వెనక చక్రాల నుంచి కొలిచి, "పాటీ, అరంగుళం కుడికి" అన్నాడు. అవ్వ జరిగింది. రంజిత వెల్లకిలా కారు కిందికి జారి, నీడ నుంచి ముందు చక్రాలకు కొలిచింది. కుడిది తిన్నగా ఉంది. ఎడమ చక్రం ముందు అంచు, వెనక అంచుకన్నా ఆరు మిల్లీమీటర్లు బయటికి తిరిగి ఉంది. మళ్లీ కొలిచింది. ఆరే. మూడోసారీ ఆరే.

చక్రాన్ని తిప్పే కడ్డీకి ఒక బిగింపు నట్టుంటుంది. దాన్ని వదులు చేస్తేనే చక్రం సరిచేయగలరు. స్పానర్ పట్టుకుని దాని దగ్గరికి పోయిన రంజిత ఆగింది. నట్టు మీద ఏళ్లనాటి మట్టి పొక్కు కట్టి ఉంది. గోటితో గీకింది. మట్టి కింద తుప్పు, తుప్పు కింద ఫ్యాక్టరీలో పెట్టిన పసుపు రంగు చుక్క, చెదరకుండా.

"నాయనా!" అని కారు కింద నుంచే అరిచింది. "ఇట్లా రా. మూడు షాపులు, మూడు పచ్చ కాగితాలు! ఈ నట్టు మీద మట్టి కూడా రాల్లేదు. ఒక్కడంటే ఒక్కడు స్పానర్ ఆనించలేదు. నా చెయ్యంట వంకర!"

కోదండరాం తెల్లపంచెతోనే నేల మీద పడుకుని టార్చి వేసి చూశాడు. తర్వాత లేచి వెళ్లి కిరసనాయిలు సీసా తెచ్చి నట్టు మీద పోసి, "తిప్పు. కడ్డీ తిరగకుండా నేను పట్టుకుంటా" అన్నాడు.

పన్నెండైంది. నట్టు కదల్లేదు. సందులో సిమెంటు నేల పెనంలా కాలుతోంది. పన్నెండున్నరకు కీచుమని ఒక్క అరుపు అరిచి నట్టు వదిలింది. కడ్డీ పావు చుట్టు తిప్పి కొలిచారు, నాలుగు. ఇంకో పావు, రెండు. అంతలో నీడ వణకడం మొదలుపెట్టింది. అవ్వ మోకాళ్లు ఆడుతున్నాయి.

"కదలొద్దవ్వా! నిలబడు!"

అన్నాక వినబడింది రంజితకు తన గొంతు. ఆ గొంతులో అవ్వ మామగారున్నాడు, మేస్త్రీలున్నారు, మండపం గోడ వాళ్లున్నారు. స్పానర్ పక్కన పడేసి బయటికి పాకి వచ్చింది.

"చాలవ్వా. నీడపట్టుకు రా. అయినకాడికి అవుతుంది."

"పోమే!" అంది అవ్వ, చెమట తుడుచుకోకుండానే. "గోడల కోసం నిలబడినాను, అవి ఎక్కడికీ పోలేదు. ఇది పోతుంది గదా. రెండు మిల్లీమీటర్లకు నా సముద్రం పోగొడతావా? తొందరగా కానీ."

రంజిత మళ్లీ దూరింది. ఇంకో పావు చుట్టు. ముందు అంచు, వెనక అంచు ఒకటే. నట్టు బిగించి మళ్లీ కొలిచింది. ఒకటే. స్టీరింగుకు కట్టిన పురికొస విప్పి కారును టైల్స్ మీంచి దింపింది. అవ్వ చీర మార్చుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది. నేలవైపు ఎవరూ చూడలేదు.

రాయపురంలో టెస్టు పెట్టే ఆఫీసరు పరిమళ వెనక సీటెక్కుతూ, ముందున్న ముసలామె ఎవరని తమిళంలో అడిగింది. మా అవ్వ, సముద్రం చూడ్డానికొచ్చింది అంది రంజిత. "సరి, ఉండనీ. బాలింత వెనక ఎట్లాగూ ఒక అవ్వ ఎక్కుతుంది" అంది పరిమళ.

నలభై. మొదటి స్తంభం. రంజిత చేతులు వదిలి ఒళ్లో పెట్టుకుంది. బంపరు కింద నుంచి వేలెడు వెడల్పున నల్లటి గీత ఒకటి రోడ్డు మీద ముందుకు సాగుతోంది, లాగి కట్టిన దారంలాగా. బండి దాని వెంబడే పోతోంది. రెండో స్తంభం. రంజిత మోకాలు ఆడడం మానేసింది. మూడోది. అవ్వ రోడ్డు వైపే చూడలేదు. కుడి కిటికీ అవతల నీళ్లు మెరుస్తుంటే మెడ సాచి అటే చూస్తోంది. నాలుగో స్తంభం దాటాక పరిమళ నోట్‌బుక్కులో టిక్కు పెట్టి, "మండే, పొద్దున ఆరింటికి" అంది.

అయ్యాక అవ్వ దిగి రాళ్లకట్ట వైపు నడిచింది. సాయంకాలపు ఎండకు అందరి నీడలూ సముద్రం వైపు పొడుగ్గా పడుతున్నాయి. అవ్వ కాళ్ల దగ్గర ఏమీ లేదు. ఆమె ఒకసారి కిందికి చూసుకుంది. చెప్పులో చేరిన ఇసుక దులుపుకున్నట్టు పాదం విదిలించి, ఒక రాయి చూసుకుని కూర్చుంది. చీకటి పడేదాకా లేవలేదు.

సోమవారం ఆరోగ్యసామి వచ్చాడు. "పాటీ, ఆ కాంపౌండు గోడ..."

"దారం కట్టుకో నాయనా. నీడ బండితో పోయింది."

"ఎప్పుడొస్తుంది?"

"అది రాదు, నేనే దాని వెంట పోయేది. నాలుగింటికి పిల్ల వచ్చి ఎక్కించుకుంటుంది."

ఆరోగ్యసామి తల ఊపి కొట్టు వైపు నడిచాడు. గుమ్మానికి, పురికొస చుట్టల వెనక, కనిపించీ కనిపించకుండా నీలం నైలాన్ చుట్ట ఒకటి వేలాడుతోంది. కోదండరాం అటు చూడకుండానే అందులోంచి మూడు బారలు కొలిచి ఇచ్చాడు.

నాలుగు కావస్తుండగా, అవ్వ చీర మార్చుకుని అరుగు మీద కాళ్లూపుతూ కూర్చుని ఉంటే, మేస్త్రీ మళ్లీ వచ్చాడు. ముఖం చిన్నబోయి ఉంది.

"దారం కట్టే కట్టినాను పాటీ. అయినా గోడ రవ్వంత వంకరొచ్చింది."

"రానీలేరా" అంది అవ్వ, సందు మలుపులో హారన్ వినబడి లేస్తూ. "గోడే గదా. ఎక్కడికి పోవాలని?"