బుడగ లేని సిరంజి

ఆసుపత్రి నడవాలోనే నడుస్తున్నాను, కాని కాళ్ల కింద పేడ మెత్తగా తగులుతోంది, గోడలు దగ్గరకు జరిగి గేదెలను సూదికి నిలబెట్టే కొయ్య చట్రమవుతున్నాయి, ఆ చట్రంలో, స్కాన్ బల్ల మీద, చనిపోయిన నా భార్య మాలకొండమ్మ కాళ్లు వేలాడేసి కూర్చుని ఉంది.

"ముప్పై ఏళ్లు గొడ్లకు సూదులేసిన చెయ్యేగా, నాకూ ఒకటెయ్యి," అంటుంది.

"డాక్టరమ్మేదీ?"

"నువ్వు తిట్టావుగా, పోయింది."

తిట్టాను. మాలకొండమ్మ గుండె కండ చచ్చుబడుతోందని, దాన్ని బాగుచేసే జన్యువును కంటికి కనబడని బుడగలకు అంటించి రక్తంలోకి ఎక్కిస్తామని, గుండె మీద స్కాన్ పెడితే చెవికి వినబడని దాని శబ్దానికి బుడగలు అక్కడే పగిలి కణాల్లోకి సన్నని దారి తెరుస్తాయని, ఇది ఇంకా ప్రయోగమేనని, నయమవుతుందని మాట ఇవ్వలేనని ఆవిడ చెప్పింది. నేను బుడగ దగ్గరే ఆగిపోయాను. నరంలోకి గాలిబుడగ పోతే గొడ్డు చస్తుందని నేర్చుకున్నవాణ్ణి. మాలకొండమ్మ సంతకం పెట్టిన కాగితం చించేసి, ఆమెను బస్సెక్కించాను. నాలుగు నెలలు బతికింది.

"ఇవి చంపే బుడగలు కాదని ఆమె రెండుసార్లు చెప్పింది. నువ్వు వినలా."

"నువ్వయినా చెప్పొచ్చుగా." అప్పుడు నోరు విప్పనందుకు ఆమె మీద నాకింకా కోపమే.

"బస్సులోనైనా నన్నడుగుతావేమోనని చూశానయ్యా. ఒంగోలు దాటాం, టంగుటూరు దాటాం. నువ్వు శనక్కాయలు కొనుక్కున్నావ్."

బల్ల బస్సు సీటవుతుంది, కిటికీ బయట పొగాకు చేలు వెనక్కి పోతున్నాయి.

"ఆ మందు ఎక్కించుకుంటే బతికేదానివా?"

"నాకేం తెలుసు. చచ్చినోళ్లకు అన్నీ తెలుస్తాయనుకున్నావా? నాకు ఎక్కించుకోవాలని ఉండింది. అంతే."

ఆమె రవిక చెయ్యి పైకి లాక్కుని చెయ్యి చాపుతుంది. నా చేతిలో సిరంజి ఉంది, అందులో మందంతా పాలనురుగులా తెల్లని బుడగలే, ఈసారి వేస్తాను, వేసి తీరాలి అనుకుంటూనే దాన్ని వెలుతురుకు ఎత్తి పడతాను, గోటితో మీటుతాను, ఒక్కొక్కటే పైకి తేలిన బుడగల్ని మెల్లగా నొక్కి బయటికి తోసేస్తాను, ఒక్కటీ మిగలకుండా.

మాలకొండమ్మ ఖాళీ సిరంజి వంక చూస్తుంది. "మళ్లీ తీసేశావు," అని రవిక చెయ్యి కిందికి లాక్కుంటుంది.

కళ్లు తెరిచాను. ఎండ గుమ్మం దాటి వచ్చింది. నా వేలు మంచం ఇనప పట్టీని గోటితో ఇంకా మీటుతూనే ఉంది.