బొట్టు లేని పిలుపు

శరన్మేఘములు గోదావరి మీదుగా తరలిపోయి కార్తికమాసపు లేతయెండ మేడల పిట్టగోడలకు పసిడినీరు పూయుచుండగా వంటయిండ్ల నుండి వెడలిన పోపుల కమ్మదనము శివనామఘోషతో కలసి వీథుల వెంట వ్యాపించుచుండిన యొక యాదివారపు ప్రాతఃకాలమున, ఆ తీరపట్టణపు వీథి యొకదాని చివరి మలుపునకు ఆవల నిన్నమొన్నటి దాక పెంటకుప్పయై దుర్గంధభూయిష్టమై యుండిన పురపాలకసంఘపు స్థలమున, ఉసిరికచెట్టు నీడను చాపలు పరపించి మాణిక్యాంబ యను నరువదియేండ్ల వితంతువు వీథి వైపు చూచుచు కూర్చుండెను.

పదునొకండేండ్లకు పూర్వము పెనిమిటి గతించినది మొదలు ఆ వీథిలో నే పేరంటమునకును ఆమెకు పిలుపు లేదు. ముత్తైదువల నవ్వులు వినవచ్చు గుమ్మముల ముందుగా తల వంచుకొని నడచిపోవుట ఆమెకు అలవాటయ్యెను. వనభోజనములకు మాత్రము అట్టి పట్టింపు లేదు గదా, చెట్టునీడను అందరితో నొక్క పంక్తిని కూర్చుండి నాలుగు మెతుకులు తినవచ్చును గదా యను నాసతో ఆమె ఆ స్థలమును వీథివారికి తోటగా విడువుడని ఆరునెలలు చెప్పులరుగునట్లు పురపాలక కార్యాలయము చుట్టును తిరిగెను. అచ్చట చెత్తబండ్లకు షెడ్డు కట్టింప నెంచిన కమిషనరు తుదకు మెత్తబడి, "ఆదివారం నేనే వచ్చి చూస్తానమ్మా. వీధి జనం వస్తే పార్కు, రాకపోతే షెడ్డు" అని తేల్చి చెప్పెను.

సాయమునకు కొదువ లేకపోయెను. శానిటరీ ఇన్స్పెక్టరు గవర్రాజు తన మనుష్యులను పిలుచుకొని వచ్చి మూడు దినములు మట్టి చదును చేయించి నీళ్లు చల్లించెను. ఎదురింటి సత్యవేణి గుండిగలిచ్చెను. ఒకరు పనసపొట్టును మరియొకరు అరటియాకులను పంపిరి. ఇక పిలుపులు మాత్రమే మిగిలెను. ఆ ప్రాంతమున శుభకార్యమునకు ఆడువారిని పిలువవలెనన్న ఇంటింటికి పోయి నుదుట బొట్టు పెట్టి పిలువవలయును. వితంతువు కుంకుమభరిణె చేతబట్టుట యెట్లు? శుభమా యని పిలువబోయి అపశకునమైతినన్న మాట పడనేల యని ఆమె జంకెను. తనకు బదులు పొమ్మని యొక ముత్తైదువ నడుగుటకు అభిమానము అడ్డు వచ్చెను. అయ్యో, అప్పుడామె బుద్ధి గడ్డి తిన్నది గాబోలు, గవర్రాజుతో చెప్పి చెత్తబండి మైకులో పిలిపించెను! తడిచెత్త పొడిచెత్త వేరు చేయుడను కేక వెంటనే వనభోజనములకు రండను కేక మూడు దినములు ఆ వీథిలో మ్రోగెను.

పొద్దెక్కెను. పులిహోర చల్లారెను. ఒక్క పురుగైనను రాలేదు.

"వత్తారండి అమ్మగారూ. ఆడోళ్లు తయారవ్వాలా వద్దా మరి?" అని గవర్రాజు పలుమార్లు ధైర్యము చెప్పెను గాని చూపు మాత్రము ఆమె వైపు త్రిప్పజాలకుండెను.

రెండుగంటలకు కమిషనరు వచ్చి అయిదుగురు పారిశుద్ధ్యకార్మికులను వంటవానిని వృద్ధురాలిని చూచి, "మీ కష్టం నాకు తెలుసమ్మా. కానీ జనమేరీ?" అనెను. ఆయన వెడలిన పిమ్మట ఆమె ఆ కార్మికులకు కొసరి కొసరి వడ్డించి తాను పచ్చి గంగయైన ముట్టక గుండిగలను రిక్షాబండి కెక్కించుకొని బయలుదేరెను.

వీథిలో నడుగిడినంతనే ఆమె బండి నాపించెను. ప్రతి యరుగుమీదను స్త్రీలు పట్టుచీరలు కట్టి పువ్వులు ముడిచి కూర్చుండియుండిరి. సత్యవేణి ముఖము వాడియుండెను.

"పొద్దున్నుంచీ పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నాం పిన్నిగారూ. మీరు పిలవనే లేదు."

"మైకులో చెప్పించాను కదమ్మా!"

"చెత్తబండి కేకేస్తే కదిలొస్తామా? మీరొచ్చి పిలుస్తారని చూశాం. మాకూ పంతమొచ్చింది."

"నా చేత్తో బొట్టెలా పెడతానే తల్లీ?"

సత్యవేణి కన్నులు తుడుచుకొని, "మీరు పెట్టక్కర్లేదు పిన్నిగారూ. భరిణె గుమ్మంలో ఉంచి రండమ్మా అంటే మేమే పెట్టుకుని వచ్చేవాళ్లం. ఒక్కసారి గుమ్మమెక్కకపోయారా!" అనెను.

మాణిక్యాంబ ఆ యరుగుమీదనే చదికిలబడెను. వారు తన్ను ఛీకొట్టియుండినను ఇంత దుఃఖము కలుగకుండెడిది, తిట్టుకొనుటకైన నొకరు మిగిలియుందురు. పదునొకండేండ్లు ఆమెను పిలువకుండుట ఆ వీథివారికి అలవాటయ్యెను. తాను పిలువరాదను పాఠమును ఆమె వారివలన చక్కగా నేర్చుకొనెను. ఇరుపక్షములలో నొక్కరైనను గడప దాటియుండిన ఆ స్థలము వారిదే యయ్యెడిది.

సోమవారము తెల్లవారగనే షెడ్డు రేకులు దింపుచున్న చప్పుడు వీథి యంతయు వినెను. ఏ గుమ్మము నుండియు నెవ్వరును బయటికి రాలేదు.