తుడిచివేయని కంప్యూటరు

తొలకరిమేఘములు మన్యగిరిశిఖరములపై నీలకంబళమువలె బరచుకొనియుండ వెదురుపొదలను దడిపి వచ్చిన చల్లగాలి అంధబాలికల పాఠశాల కిటికీరెక్కల నల్లన గదల్చుచుండెను. దినమున కొక్కటియే యగు బస్సు ఉదయముననే పట్టణమునకు దరలిపోయెను.

ఆ పాఠశాలయందు కాగితముపై జుక్కలు పొడిచి పాఠముల నచ్చువేయు బ్రెయిలీ యంత్ర మొకటియు దానిని నడపు లినక్సు కంప్యూటరొకటియు గలవు. ఆ కొండపై ఇంటర్నెట్టు లేదు. కావున సుభాషిణి యను నుపాధ్యాయిని పట్టణమునుండి సాఫ్ట్‌వేరు ప్యాకేజీలను డిస్కులో దెచ్చి కంప్యూటరునందే భాండాగారముగ భద్రపరచుచుండెను. వంటయింటికి గొట్టుగది యెట్టిదో ఆ కంప్యూటరునకు ఆ భాండాగార మట్టిది.

నాడు క్రొత్త ప్యాకేజీలు వచ్చిన సంబరమున ఆమె పండుగకు అలమర కడిగినట్లు పాతవానినెల్ల దుడిచివేసెను. బ్రెయిలీ ప్రోగ్రామును సైతము తొలగించి క్రొత్తదానిని నెలకొల్పబూనగా అది మరియొక తోడు ప్యాకేజీ కావలెనని మొరాయించెను. ఆ తోడు పట్టణముననే మిగిలిపోయెను.

సైన్సున నొకసారి తప్పిన నాగలత మరునాటి బస్సున మరల బరీక్షకు బోవలసియున్నది. ఆ బాలిక గోడ తడుముకొనుచు గుమ్మముకడకు వచ్చెను.

"టీచరు గారూ, మిషను చప్పుడు రావట్లేదేంటండీ? నా కరెంటు పాఠం అయిపోయిందాండీ?"

"ఇంకా మొదలెట్టలేదమ్మా" అని సుభాషిణి తలవంచుకొనెను.

ఆమెకు వదినయు వసతిగృహపాలికయు నగు రత్నమాంబ సంగతి విని ముక్కున వ్రేలిడుకొనెను. "కొత్త బియ్యం వండి చూసుకోకుండానే పాత బియ్యం డబ్బా బోర్లించేసేవా? పైగా నాకు పాత సామాన్ల పిచ్చంటావు!"

ఆ యెత్తిపొడుపు చెవి సోకినంతనే సుభాషిణి దిగ్గున లేచెను.

"వదినా, నీ కొట్టుగదిలో పాత కంప్యూటరుందే, తుడిచేస్తానంటే ముట్టుకోనివ్వలేదు గదా?"

"నా పాటలు పోతాయని. ఏం, ఇప్పుడు దాని మీద పడ్డావా?"

"లేదు తల్లీ, దానికి దండం పెట్టుకుంటాను!"

ఏలయన వెనుక ఆ పాఠశాల యచ్చుపని నంతయు నడపినది ఆ కంప్యూటరే. తాను స్వీకరించిన ప్రతి ప్యాకేజీకిని నకలొకటి దానియందు నిలిచియుండెను. సుభాషిణి వానిని పెన్‌డ్రైవున దెచ్చి భాండాగారమున జేర్చెను. ఐనను కంప్యూటరు అట్టివి లేవనియే పలికెను. చేర్చినంతమాత్రమున జాలదనియు భాండాగారపు పట్టికను మరల దయారుచేయనిదే కంప్యూటరు వాని నెఱుగదనియు జ్ఞప్తికి దెచ్చుకొని ఆమె యట్లొనర్పగా పాత ప్రోగ్రాము తన తోడుతో గూడ జక్కగ నెలకొనెను. బ్రెయిలీ యంత్రము టకటక మ్రోగెను.

నాటినుండి యే క్రొత్త ప్యాకేజీయైనను కొట్టుగదిలోని కంప్యూటరున బరీక్షింపబడిన పిదపనే లోనికి వచ్చుచుండెను. క్రొత్తది కుదురుకొనువఱకు పాతదానికి జోటుంచుట పాతసామానుల పిచ్చి గాక ముందుచూపేయని సుభాషిణి గ్రహించెను.

యంత్రము మరల మ్రోగిననాటి సాయంకాలము కడపటి పుట వెలువడినంతనే కరెంటు పోయెను. రత్నమాంబ యగ్గిపెట్టెకై తడుముకొనుచుండెను.

"ఏంటండీ, కరెంటు పోయిందా?" అని నాగలత నవ్వెను. "పోనివ్వండి. నేను దాని పాఠమే చదూకుంటున్నాను."

క్రమ్ముకొనుచున్న చీకటిలో ఆ బాలిక వ్రేళ్లు చుక్కవెంట జుక్కగా తొట్రుపడక ముందునకు సాగుచుండెను.