ఎఱ్ఱ మోటారు దాహము

వైశాఖమాసపు మధ్యాహ్నమున నల్లమల పడమటి వాలునందలి యెఱ్ఱనేలలు పెనముమీఁది రొట్టెలవలె మాఁడుచుండెను. వంకలన్నియు నిసుకచారలై మిగిలెను. తుమ్మచెట్ల సన్నని నీడలలో మేఁకలు నోళ్ళు తెఱచి రొప్పుచుండెను. అట్లు నిప్పులు చెఱిగెడు వేళ నెఱ్ఱగుడిదిన్నె గ్రామమునకు దొరవంటివాఁడును వేఁటకొడవలి త్రిప్పుటయందు మూఁడు తాలూకాలఁ బేరుమోసినవాఁడును గోపమునకుఁ బుట్టినిల్లును నగు నోబుళరెడ్డి నెత్తుటఁ దోఁగిన తమ్ముని భుజముమీఁద వేసికొని వంకకట్ట దిగి తన మోటారుబండి కడకుఁ బరుగెత్తి వచ్చెను.

ఆ కట్టకై యెఱ్ఱగుడిదిన్నెవారికిని బొందలపల్లె బాలిరెడ్డికిని దాతలనాఁటి పగ కలదు. వానలు రాకముందే కట్ట యెత్తు పెంపనెంచి యోబుళరెడ్డి పారలతోఁ బోఁగా బాలిరెడ్డి బరిసెలతో వచ్చెను. పారలు విడిచి కొడవళ్ళు పట్టుటకు ఱెప్పపాటైనను బట్టలేదు. ఒకని ముంజేయి తెగి కట్టమీఁదఁ బడి వ్రేళ్ళు కదలుచుండఁగానే మఱియొకని తల గొడ్డలిదెబ్బకు గుమ్మడికాయవలెఁ బగిలెను. ఓబుళరెడ్డి కొడవలి బాలిరెడ్డికి లేక లేక కలిగిన కొడుకు పుల్లన్న తొడను నెముక కనఁబడునట్లు చీల్చెను. ఆ వెంటనే బరిసె యొకటి యోబుళరెడ్డి తమ్ముఁడు మద్దిలేటి కడుపునఁ దిగఁబడెను.

మద్దిలేటి పేరునకుఁ దమ్ముఁడు గాని తల్లి చచ్చిననాఁటినుండి యోబుళరెడ్డి గోరుముద్దలు తినిపించి పెంచిన బిడ్డ. వాఁడు కూలఁగానే యన్నకుఁ గట్టయుఁ బగయు నేమియుఁ గనఁబడలేదు. కర్నూలు ఆసుపత్రిలోని డాక్టరుదొర కోసిన కడుపులు కుట్టి బ్రతికించునని యతఁడు వినియుండెను. ప్రొద్దు క్రుంకకముందు చేర్చినఁ దమ్ముఁడు దక్కును. లేకున్న లేదు.

ఆ బండి కథ యిచటఁ గొంత చెప్పవలసియున్నది. గడచిన యేఁట నన్నదమ్ములిరువురును జెన్నపట్టణమునకుఁ బోయి మోటారుషాపులో రెండు బండ్లు చూచిరి. ఒకటి దానిమ్మపూవన్నెదియుఁ బొడవైన ముక్కు గలదియు నెనిమిది సిలిండర్ల గర్జనముచే షాపు అద్దముల నదరించునదియు నగు మహావాహనము. రెండవది నల్లగాఁ బొట్టిగా నుండి చప్పుడు చేయుటకే సిగ్గుపడు నల్పజీవి. షాపు యజమాని ముదలియారు దాఁపఱికము లేనివాఁడు. ఎఱ్ఱబండి గాలను పెట్రోలునకుఁ బదిమైళ్ళు నడచుననియు నణఁచి తొక్కిన నాఱుమైళ్ళకే చతికిలఁబడుననియు నల్లబండి ముప్పదిమైళ్ళు నడచును గాని జోడుగుఱ్ఱముల బండిని దాఁటుటకుఁ గూడ బ్రతిమాలించుకొనుననియు నున్నదున్నట్లు చెప్పి వారి యూరికిఁ బెట్రోలెంత దూరమని యడిగెను. దూరమే మఱి. డోను రైలుస్టేషనులో డబ్బాలు దింపి యెద్దుబండిపైఁ దెచ్చుకొనవలెను.

“అన్నా, నల్లదే తీసుకుందాం” అని మద్దిలేటి యనెను. “ఎర్రది పరిగెత్తేది చూసినావు గానీ తాగేది చూడలా. మన ఊర్లో మనుషులకే నీళ్లు చాలవు, దీనికి యాడ తెచ్చి పోస్తాం?”

“బాలిరెడ్డి మనుషులు గుర్రాలమీద తరుముకొస్తే ఈ పేడపురుగులో యాడికి పోతాంరా? తాగితే తాగనీ. పౌరుషముండేది తాగుతాది.”

ఏనుఁగును గొని యంకుశమునకు బేరమాడు పిసినిగొట్టును గానని యోబుళరెడ్డి నవ్వెను. ఏనుఁగునకు దినదినము మేఁత వేయవలెనను మాట యా నవ్వులో మునిఁగిపోయెను. నెల తిరుగకమున్నే బాలిరెడ్డి యా నల్లబండినే కొని తెచ్చెను. శత్రువు పేడపురుగెక్కి తిరుగుచున్నాఁడని యోబుళరెడ్డి మీసము దువ్వి యానందించెను. అంతటితో నూరకున్నను బాగుండెడిది. ఈ కొట్లాటకు ముందునాఁటి తిరునాళ్ళలో నల్లబండిని మాటిమాటికి దాఁటి జనులకుఁ జూపు వేడుకకై తొట్టిలోని పెట్రోలు సగమునకుఁ బైగాఁ దగులఁబెట్టెను. డబ్బాల బండి డోనునుండి యింకను రాలేదు.

ఇపుడు వెనుకసీటులో మద్దిలేటి కడుపుఁ జేతులతో నదిమిపట్టుకొని పండియుండెను. ఓబుళరెడ్డి చక్రము పట్టి పెట్రోలు కొలుచు ముల్లు చూచెను. చూడఁగానే కథయంతయు బోధపడెను. మెల్లగాఁ బోయినఁ బెట్రోలు చాలును గాని నెత్తురు చాలదు. వడిగాఁ బోయిన నెత్తురు చాలును గాని పెట్రోలు చాలదు. ముదలియారు చెప్పిన మైళ్ళ లెక్క యపుడతని చెవిలో మ్రోఁగెను.

“మెల్లగా పోనీన్నా” అని మద్దిలేటి మూలిగెను. “అడుగంటిపోతాది.”

ఓబుళరెడ్డి విననట్లు నటించి యణఁచి తొక్కెను. అతనికిఁ దెలిసిన విద్య యదియొక్కటే. ఎఱ్ఱబండి యఱచుచు దుమ్ము మేఘములఁ గక్కుచుఁ బల్లెలఁ దాఁటెను. దారికడ్డమైన మేఁకపోతు చక్రములక్రిందఁ బడి పచ్చడియయ్యెను. ప్రతికుదుపునకును మద్దిలేటి వ్రేళ్ళ సందులనుండి నెత్తురు చిమ్మి సీటు తోలుపై మడుఁగు గట్టెను. రాళ్ళకనుమ యెక్కి కర్నూలు పొగ దూరమునఁ గనఁబడఁగానే బండి రెండుమాఱులు దగ్గి మూఁడవమాఱు దగ్గలేక నిలిచిపోయెను. ఓబుళరెడ్డి దిగి దాని ముక్కుపైఁ బిడికిటఁ గొట్టెను. తిట్టెను. త్రోయఁజూచెను. అది కొండవలెఁ గదలలేదు.

అంతట వెనుకనుండి సన్నని గురగుర వినవచ్చెను. పేడపురుగు వచ్చుచుండెను. తొందర లేక యలుపు లేక తన పాటికిఁ దాను గనుమ యెక్కి వచ్చుచుండెను. లోపల బాలిరెడ్డి చక్రము పట్టియుండెను. పుల్లన్న తెల్లఁబడిన మొగముతో వెనుకసీటునకుఁ జేరగిలఁబడియుండెను. ఓబుళరెడ్డి కొడవలి పట్టి దారికడ్డముగా నిలిచెను. బండి యాఁగెను.

“దారొదులు ఓబుళరెడ్డీ. నా కొడుకు నెత్తురు పోతాంది.”

“నా తమ్మునిదీ పోతాంది.”

బాలిరెడ్డి యెఱ్ఱబండిలోనికిఁ దొంగిచూచెను.

ఆ సీమలో నొక కట్టుబాటు కలదు. పగవాఁడు తలపాగ విప్పి నేలఁ బఱచి యడిగిన నేమైనను లేదనరాదు. ఇచ్చినవాఁడు గాని పుచ్చుకొన్నవాఁడు గాని మఱునాఁటి ప్రొద్దుపొడుపువఱకుఁ గత్తి యెత్తరాదు. కాని పాగ పఱవక యడుగుటయు నడుగక యిచ్చుటయు నిరువురకు నవమానము. ఎఱ్ఱగుడిదిన్నె వంశములో నంతవఱకుఁ బాగ పఱచినవాఁడు లేఁడు. ఆ మాట చెప్పికొని యోబుళరెడ్డి యెన్నియో పంచాయతులలో రొమ్ము విఱిచికొనియుండెను.

“నా తొట్లో ఇద్దరికీ చాలేంత ఉంది” అని బాలిరెడ్డి యనెను. “రబ్బరు గొట్టం కూడా ఉంది. తలగుడ్డ ఇప్పి కింద పరుచు. అడగందే అమ్మైనా పెట్టదు.”

అనుచునే యతఁడు బండి దిగి వెనుకకుఁ బోయి పెట్రోలుతొట్టి మూఁత త్రిప్పఁదొడఁగెను. పాగ యింకను నేలఁ బడలేదు. మూఁత మాత్రము కదలుచుండెను. కన్నులున్నవానికి నదియే చాలును.

“ఇప్పున్నా” అని మద్దిలేటి ప్రాణములు కూడఁదీసికొని పలికెను. “గుడ్డే గదా.”

ఓబుళరెడ్డి చేయి పాగకుఁ బోయెను. కొన దొరకెను. ఒక మడఁత వదలెను. ఆ క్షణమున బాలిరెడ్డి తలయెత్తి చూచెను. అతని పెదవి యొకవైపు వంగెను. అది నవ్వో యెండకు నోరెండినవాని పెదవి వంకరయో చెప్పఁగలవాఁడు లేఁడు. ఓబుళరెడ్డికి మాత్రము నవ్వుగానే తోఁచెను. పాగమీఁది చేయి కొడవలికి వచ్చెను.

వ్రేటు బాలిరెడ్డి మెడకుఁ బడవలసినది. అతఁడు తటాలునఁ దొలఁగెను. వేఁటకొడవలి తొట్టిలోనికిఁ బిడిమొదలుదాఁక దిగఁబడెను. ఓబుళరెడ్డి దానిని బెఱుకఁగానే పెట్రోలు బుగబుగ నేలపైకి దుమికెను. బాలిరెడ్డి పిచ్చివానివలె నఱచి చేతులతో గండిని మూయఁజూచెను. మూయలేక బండిలోని బరిసె లాగి పగవాని భుజమునఁ బొడిచెను. ఓబుళరెడ్డి కొడవలి వానివ్రేళ్ళు రెంటిని దెగవేసెను. పిమ్మట నాయుధములు జాఱెను. వారు గోళ్ళతోఁ బండ్లతోఁ గలియఁబడి యా తడిమట్టిలో దొరలిరి. ఒకని చెవి యొకని నోటికి వచ్చెను. ఎఱ్ఱనేల మాత్రము వారి వంకఁ జూడక తనకుఁ బోసినదంతయు నిశ్శబ్దముగాఁ ద్రాగివేసెను.

పట్టు సడలి వారు విడిపడునప్పటికి పుల్లన్న తల యొరిగిపోయియుండెను. ఓబుళరెడ్డి దేకుచు నెఱ్ఱబండి కడకుఁ బోయి తమ్ముని చేయి పట్టెను. ఆ చేయి చల్లఁబడియుండెను. కన్నులు తెఱచియే యుండెను. ఓబుళరెడ్డి నోరు తెఱచి యేడ్చెను. తల్లి చచ్చిననాఁడు తమ్ముఁడు భయపడునని యాఁపుకొన్న యేడుపుకూడ నపుడే వెడలెను.

ప్రొద్దు క్రుంకుచుండఁగా నతఁడు తలపాగ విప్పి మద్దిలేటి మొగముపైఁ గప్పెను. అడుగుదూరమున బాలిరెడ్డియు వ్రేళ్ళు తెగిన చేతితోఁ దన పాగ విప్పి కొడుకునకుఁ గప్పుచుండెను. ఇరువురును బోడితలలతో దారిపై నెదురెదురుగాఁ గూర్చుండిరి. బండి యెంత త్రాగునో కొనునాఁడే వర్తకుఁ డడుగక చెప్పును. పౌరుష మెంత త్రాగునో చెప్పు వర్తకుఁ డేయూరను లేఁడు.