పావగడ గొంతు

తిప్పమ్మ ఫోనులో ఇంకొక ఆడదానితో కలిసి పాడుతోందని తెలిసిన రోజు నుంచి చౌడేశ్వరికి తిన్న సంగటి ఒంటబట్టడం లేదు. మొగుడు ఇంకోదాన్ని చేరదీసినా ఇంత మండేది కాదేమో. మొగుడిదేముంది, పోతే పోతాడు. పాట అట్లా కాదు గదా.

మడకశిర పక్కన ఆ పల్లెలో పెళ్లి నలుగులకైనా, వేరుశనగ బుడ్డలు పీకే చేలోనైనా పాటంటే ఆ ఇద్దరే. తిప్పమ్మ ఎత్తుకుంటుంది, చౌడేశ్వరి అందుకుంటుంది. తిప్పమ్మకు ఊపిరి తిరిగేదాకా పాటను కింద పడనీయకుండా మోసేది చౌడేశ్వరే. పెళ్లివాళ్లు చీరలు పెట్టేటప్పుడు మాత్రం జరీ అంచుది తిప్పమ్మకు, మామూలుది ఈమెకు. పాపం, దానికీ ఏడవలేదు ఆ ఇల్లాలు.

ఈ మధ్య తిప్పమ్మ కోడలు అత్త ఫోనులో పాటల యాప్ ఒకటి వేసిచ్చింది. అందులో మనం సగం పాడి వదిలితే, ఎక్కడో ఉన్నవాళ్లు మిగతా సగం పాడి కలుపుతారు. సిరా నుంచి, చెళ్లకెరె నుంచి కన్నడం ఆడవాళ్లు తిప్పమ్మకు తగులుకున్నారు.

"ఏం గొంతులే అవి! చౌడీ, నువ్వూ ఇనాల," అంది తిప్పమ్మ, మురిసిపోతూ.

"నాకెందుకులే అక్కా. అంత గొప్ప గొంతులు ఇంటే నా చెవులు పగుల్తాయి," అని చౌడేశ్వరి లేచి వచ్చేసింది.

వచ్చి ఊరుకుందా? తన ఫోనులో అదే యాప్ దింపుకుంది. 'పావగడ పుట్టమ్మ' అని దొంగ పేరు పెట్టుకుంది. మొహం ఉండాల్సిన చోట బంతిపువ్వు బొమ్మ పెట్టింది. పాట మధ్యలో తాళం తప్పించి తిప్పమ్మను నలుగురిలో నవ్వులపాలు చేయాలని ఆమె ఎత్తు. దాంతో కన్నడం వాళ్ల మోజు తీరిపోతుంది.

"సినుకు రాదాయె, సేను తడవదాయె" అని పాడి తిప్పమ్మ గొంతు ఆగింది. ఆగిన చోట పాటను పడేయడానికి చౌడేశ్వరికి మనసు రాలేదు. ఆమె పుట్టిల్లు నిజంగానే కన్నడ సీమలో, పావగడ పక్కన. అక్కడి పాటలు నీకేమైనా వచ్చా అని ఈ ఊళ్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అడుగున పడిపోయిన కన్నడం ఇప్పుడు తన్నుకొచ్చింది. "మళె బరలిల్ల తాయీ, హొల నెనెయలిల్ల" అని అదే మాటను కన్నడంలో అందుకుంది. వాళ్లమ్మ పాడినట్టు చివర గొంతును పైకి లాగి, మెల్లగా వదిలింది.

మరునాడు తిప్పమ్మ రొప్పుతూ వచ్చింది. "చౌడీ, పావగడ కాడ పుట్టమ్మ అని ఒకామె ఉండాది. ఏం పాడిందే తల్లీ! నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. వంతంటే అట్లుండాల."

"నేను పాడితే ఎప్పుడన్నా తిరిగినాయా?"

"నీదేముందే, దినామూ ఇనేదే గదా."

చౌడేశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పుట్టమ్మ నేనేనని చెప్పేద్దామని నోరు తెరిచి, మళ్లీ మూసుకుంది. చెబితే తిప్పమ్మ నవ్వేసి ఆ మెప్పును అక్కడే తుడిచేస్తుంది. చెప్పకపోతే అది పుట్టమ్మ ఖాతాలో పడుతుంది. లేని పుట్టమ్మ మీద ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా రోజూ పాడుతూనే ఉంది.

ఇంతలో అనంతపురంలో జానపద సభకు తిప్పమ్మకు పిలుపొచ్చింది. తోడుగా ఒకరినే తెచ్చుకోమన్నారు. చౌడేశ్వరి పెట్టెలోంచి మంచి చీర తీసి ఎండకు వేసింది. తిప్పమ్మ వచ్చి అడుగుతుందని చూసి చూసి, చివరికి తనే బయలుదేరింది. తిప్పమ్మ ఇంటి గోడ దాకా వచ్చేసరికి చేతిలో ఫోను మోగింది. పుట్టమ్మకు తిప్పమ్మ పంపిన మాట. చెవికి ఆనించుకుంది.

"పుట్టమ్మా, అనంతపురానికి నువ్వే రావాల. మనిద్దరం పాడదాం. ఈడ మా చౌడి ఉండాదిలే, దానికి ఏదో ఒకటి చెప్తా. ఎప్పుడూ యెంట ఉండేదే, ఏమీ అనుకోదు."

గోడ మీదుగా చూసింది. తిప్పమ్మ మంచం మీద కూర్చుని, జవాబు కోసం రెండు చేతులతో ఫోను పట్టుకుని ఉంది. ఆ మొహంలో వెలుగు చౌడేశ్వరి ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. ఇక ఆగలేకపోయింది. అదే పాట, అదే కన్నడం, అదే లాగుడుతో గొంతెత్తి పాడుకుంటూ నేరుగా వాకిట్లోకి నడిచింది.

తిప్పమ్మ తలెత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండవే చౌడీ, అరవాకు. పుట్టమ్మ ఏమన్నా చెప్తే ఇనపడదు."