తలకిందుల పేజీలు

నేను ఒక బైబిలుని. అట్టమీద బంగారు అక్షరాలున్నాయి కాబట్టి గర్వపడాలి గానీ, నన్ను కుట్టినవాడి ధ్యాస ఆ రోజు ఎటు పోయిందో, నాలోని అపొస్తలుల కార్యములు అనే భాగం పేజీలన్నీ తలకిందులుగా పెట్టి కుట్టేశాడు. కొట్లో నన్నెవరూ ముట్టలేదు. రేపల్లె దగ్గర ఓ చిన్న సంఘానికి పాస్టరైన యేసుపాదంగారు మాత్రం "నేను మాత్రం తిన్నగా ఉన్నానా" అని నవ్వి చంకన పెట్టుకున్నారు.

గుడిలో ఆ పేజీలు వచ్చినప్పుడల్లా ఆయన నన్ను తిప్పి పట్టుకునేవారు. కొత్తవాళ్ళు చూసి, అయ్యగారికి చదువు రాదేమోనని గుసగుసలాడేవారు. ఇంట్లో ఆ పని లేదు. సాయంత్రం ప్రార్థనకు కూతురు కెజియా ఆయన ఎదురుగా చాపమీద కూర్చునేది. ఆయనకు తలకిందులైనవి ఆ పిల్లకు తిన్నగా కనిపించేవి. కాబట్టి కార్యములు చదివే వంతు ఎప్పుడూ కెజియాదే. అది అక్షరాలు నేర్చుకున్నదే నా తప్పుడు పేజీల్లో.

పెద్దదై బైబిలు కాలేజీలో చదివి వచ్చింది. వచ్చిన వారమే గొడవ. యేసును పట్టించిన యూదా ఎలా చనిపోయాడు? ఉరి వేసుకున్నాడని మత్తయి సువార్తలో ఉంది. పొలంలో తలకిందులుగా పడి పొట్ట పగిలిందని కార్యముల్లో ఉంది. రెంటిలో ఏదో ఒకటి తప్పేనంది కెజియా.

"రెండూ నిజమేనమ్మా. తాడు తెగి పడుంటాడు."

"తాడు తెగిందని ఎక్కడుంది నాన్నా?"

"తెగలేదని ఎక్కడుంది? తప్పుందన్నది నువ్వు. రుజువు చెయ్యాల్సింది నువ్వే."

"అసలు తప్పే లేదన్నది నువ్వుగా! నువ్వే చెయ్యి."

నన్ను ఇటొకరు, అటొకరు లాగారే గానీ, నీ మాటేమిటని ఎవరూ అడగలేదు. వంటింట్లోంచి కెజియా తల్లి సంతోషమ్మగారు, "వాడు పోయి రెండువేల ఏళ్ళయింది. అన్నం ఇప్పుడు చల్లారిపోతంది, రండి!" అని కేకేశారు.

ఆదివారం కెజియా మొదటిసారి గుడిలో అందరి ముందూ నిలబడి వాక్యం చెప్పాలి. శనివారం పొద్దున యేసుపాదంగారు తేల్చేశారు. "బైబిల్లో తప్పుల్లేవని ఒప్పుకుంటేనే నా సంఘంలో నిలబడు." ఆ పిల్ల బ్యాగు సర్దుకుని బస్టాండుకు వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. కాగితానికి తడి పనికిరాదని ఊరుకున్నాను.

ఆయన పంతంగా నన్ను తెరిచారు. మత్తయిలో యూదా, యేసును పట్టించినందుకు పుచ్చుకున్న వెండి నాణేలు విసిరేసి బయటికి వెళ్ళిపోయిన చోట ఆయన వేలు చాలాసేపు ఆగింది. తర్వాత కార్యములు తీశారు. అలవాటు కొద్దీ నన్ను ఎదుటికి జరిపారు. ఎదురుగా చాప ఖాళీగా ఉంది.

నన్ను చంకన పెట్టుకుని, చెప్పులు కూడా మరిచి పరుగు తీశారు.

బస్టాండులో కూతురి ఎదుట కూర్చుని రొప్పుతూ అన్నారు. "తాడు సంగతి నాకు తెలీదమ్మా. నేను చూళ్ళా."

"నాకూ తెలీదు నాన్నా."

"వాడెట్టా చచ్చాడా అని వారంగా కొట్టుకుంటన్నాం. వాడట్టా బయటికి పోతంటే మిగతా శిష్యులు పదకొండు మందిలో ఒక్కడూ వెనకాల పోలేదే! ఇన్నేళ్ళుగా చదువుతున్నా, అది నాకు కనపళ్ళా."

కెజియా ఆయన దుమ్ముకాళ్ళ వైపు చూసి కళ్ళు తుడుచుకుంది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

"రేపు ఏం చెప్పమంటావు?"

"ఇదే చెప్పు. తాడు మాత్రం తెగే ఉంటది, తెగలేదంటే నేనొప్పుకోను."

యేసుపాదంగారు ప్రభువునందు నిద్రించి చాలాకాలమైంది. రుజువు ఇద్దరిలో ఎవరూ చెయ్యలేదు. నా అట్ట ఊడితే కెజియా మళ్ళీ కుట్టించింది. ఆ పేజీలు సరిచెయ్యమంటారా అని కుట్టేవాడు అడిగితే వద్దంది. ఇప్పుడు ఆ సంఘానికి పాస్టరు తనే. సాయంత్రం కార్యములు వచ్చినప్పుడు, నన్ను ఒకసారి ఎదుటి ఖాళీ చోటికి జరిపి, కాసేపు అలాగే ఉంచి, ఆ తర్వాత తనవైపు తిప్పుకుంటుంది.