డ్రాయింగులో లేని డబ్బా

మిలిటరీ షెడ్డు మేస్త్రీ ఎడారి గస్తీ బండికి తలుపులు తీసేసినా, ఇసుక కోసం వెడల్పు టైర్లు వేసినా కొత్తాఫీసరు ఊరుకున్నాడు. రేడియేటరు పక్కన వెల్డింగు చేసిన డబ్బా మీదే ఆయన కన్ను పడింది.

"కంపెనీ డ్రాయింగులో లేదిది. రేపు బయల్దేరేలోగా పీకెయ్."

మరిగే నీళ్ల ఆవిరిని పట్టి, చల్లార్చి, నీళ్లుగా తిరిగి రేడియేటరుకిచ్చే డబ్బా అది. అది లేనప్పుడు ఎడారిలో తాగే నీళ్లు బండికి పోసి, నాలుక పిడచకట్టి చచ్చిన ఇద్దరు జవాన్లను బండిలోంచి మేస్త్రీయే దింపాడు.

"పీకను సార్. ఆ డ్రాయింగు ఫ్యాను కింద కూర్చుని గీసింది."

"ఉద్యోగం ఊడుతుంది!"

"ఊడనీండి. దానికి వెల్డింగు లేదు, డబ్బాకుంది."

ఆఫీసరు చేతిలోని డ్రాయింగు లాక్కుని, మేస్త్రీ గ్రీజు వేలితోనే డబ్బా బొమ్మ గీసి సంతకం పెట్టాడు. "ఇప్పుడుంది."

పీకడానికి ఇంకెవడూ ముందుకు రాలేదు. మర్నాడు బండి డబ్బాతోనే గేటు దాటింది. దాని వెనకే సంచీ భుజానేసుకుని మేస్త్రీ దాటాడు.